మట్టిదారికి సెకండ్ హ్యాండ్ బండి: ఇంపల్సా, ఎక్స్‌పల్సా, హిమాలయనా?

"సెకండ్ హ్యాండ్‌లో మట్టిలో తిప్పడానికి మంచి బండి ఏది?" అని ఎవరైనా అడిగితే నేను తిరిగి రెండు ప్రశ్నలు అడుగుతాను. మీ ఇంటి నుంచి మట్టి ఎంత దూరం? బండి పడితే పక్కన ఇంకో మనిషి లేకుండా లేపగలరా? సీసీ, మైలేజీ, కంపెనీ పేరు అన్నీ ఈ రెండింటి తర్వాతే.

ముందు దూరం సంగతి. హైదరాబాద్‌లో పడమటి వైపు ఉండేవాళ్లు ఆదివారం పొద్దున ఆరింటికి బయల్దేరితే ఏడున్నరకల్లా చేవెళ్ల, వికారాబాద్ వైపు ఎర్రమట్టి బాటల మీద ఉంటారు. విశాఖ వాళ్లకి పాడేరు, లంబసింగి వైపు పోవాలంటే ముందు వంద కిలోమీటర్ల తారు రోడ్డు దాటాలి. మొదటి వాళ్లకి తేలిక బండి చాలు, నిజానికి అదే కావాలి. రెండో వాళ్లు అదే తేలిక బండి మీద హైవేలో లారీల గాలికి ఊగుతూ పోయి, మట్టి చేరేసరికే సగం అలిసిపోతారు.

ఇక బరువు. ఒకసారి స్నేహితుడి బండి అరువు తీసుకుని ఒక చెరువు కట్ట దిగబోయి, కట్ట కింద బురదలో పడేశాను. దాదాపు రెండు వందల కేజీల బండి. చక్రాలు పల్లంలో కాకుండా ఎత్తు వైపు ఉన్నాయి, అంటే బండి తలకిందులుగా ఉన్నట్టే లెక్క. ఇరవై నిమిషాలు గింజుకున్నాక గేదెలు తోలుకొస్తున్న ఒకాయన చూసి, కర్ర పక్కన పెట్టి, చెయ్యి వేశాడు. "ఇంత బరువు బండి ఎందుకు సార్ ఈ కట్ట మీదికి?" అన్నాడు లేపాక. ఆ రోజు నుంచి బండి కొనేటప్పుడు నేను ముందు చూసే అంకె కెర్బ్ వెయిట్, అంటే పెట్రోలు, ఆయిల్‌తో కలిపి బండి బరువు.

అసలు విషయంలోకి పోయే ముందు ఒక మాట. విదేశీ వీడియోల్లో కనిపించే డర్ట్ బైకు, అంటే హెడ్‌లైటు, ఇండికేటర్లు లేనిది, ఇక్కడ రిజిస్టర్ కాదు. కవాసాకి కేఎల్‌ఎక్స్ 110, కేఎల్‌ఎక్స్ 140 లాంటివి మన దేశంలో అమ్మినా, అవి ట్రాక్ మీదికో, సొంత పొలంలోకో తప్ప రోడ్డు ఎక్కకూడదు. ఇంటి ముందు రోడ్డు దాటాలన్నా టాటా ఏస్‌లో ఎక్కించుకోవాలి. ఊరి బయట సొంత తోట ఉండి, అందులో పిల్లలకి నేర్పాలనుకుంటే అంతకన్నా మంచిది లేదు. మిగతావాళ్లకి "నంబరు లేకపోయినా పర్లేదు, ఊరి అవతల ఎవరు చూస్తారు" అనే అమ్మకందారుడు తగిలితే నమస్కారం పెట్టి వచ్చేయండి. ఆ బండితో ఎవరినైనా గుద్దితే ఇన్సూరెన్స్ లేదు, ఆర్‌సీ లేదు. ఆ తర్వాత పడే టెన్షన్ ముందు మిగిలిన డబ్బు ఏపాటిది?

కాబట్టి వారాంతపు రైడర్‌కి చేతులు మారిన బండ్లలో నికరంగా మిగిలేవి మూడు. హీరో ఇంపల్స్, హీరో ఎక్స్‌పల్స్ 200, రాయల్ ఎన్‌ఫీల్డ్ హిమాలయన్ 411.

ఇంపల్స్ 2011లో వచ్చింది. 149 సీసీ, 134 కేజీలు, పొడుగాటి సస్పెన్షన్. దీని ఇంజిన్ సీబీజెడ్ ఎక్స్‌ట్రీమ్, హంక్ కుటుంబానిదే కావడంతో పిస్టన్, క్లచ్ ప్లేట్లు ఏ పాత మెకానిక్ దగ్గరైనా సర్దుబాటు అవుతాయి. ఇబ్బందల్లా ఒంటి మీద ఉన్న వాటితోనే. ముందు ఫోర్కు, ప్లాస్టిక్ భాగాలు, సీటు కింద ప్యానెళ్లు విరిగితే వెతుక్కోవాలి. పదమూడు హార్స్‌పవర్ కాబట్టి ఇద్దరు ఎక్కితే ఎక్కుడు దారిలో మూలుగుతుంది. అయినా నేర్చుకునేవాళ్లకి ఇంత మన్నించే బండి ఇంకోటి లేదని నా నమ్మకం. పడితే ఒక చేత్తో కాకపోయినా ఒక ఊపుతో లేస్తుంది. కానీ ఒక లెక్క వేసుకోండి. 2011 చివర్లో రిజిస్టరైన బండికి 2026 చివరికి పదిహేనేళ్లు నిండుతాయి. ఆర్‌సీ రెన్యూవల్, ఫిట్‌నెస్ పరీక్ష, గ్రీన్ ట్యాక్స్ అన్నీ మీ నెత్తిన పడతాయి. ధర మాట్లాడేటప్పుడు రిజిస్ట్రేషన్ తేదీ చూడకుండా నోరు విప్పొద్దు. చేతికి స్పానర్ అలవాటున్నవాళ్లే దీని జోలికి పోవాలి. చిన్న పనికీ షోరూమ్‌కి తీసుకెళ్లేవాళ్లకి ఇది పడదు.

ఎక్స్‌పల్స్ 200 గురించి ఎక్కువ చెప్పాలి, ఎందుకంటే పదిమందిలో ఏడుగురికి నేను చెప్పేది ఇదే. 2019 మేలో వచ్చింది. ముందు 21 అంగుళాల చక్రం, వెనక 18, నేలకీ ఇంజిన్‌కీ మధ్య 220 మిల్లీమీటర్ల ఖాళీ. 2019 నాటివి బీఎస్4 (పొగ కాలుష్యం మీద ప్రభుత్వ ప్రమాణం, దాని తర్వాతిది బీఎస్6), గాలితో చల్లబడే ఇంజిన్లు. వాటిలో కార్బ్యురేటర్‌వీ ఉన్నాయి, ఎఫ్‌ఐవీ (పెట్రోలుని ఎలక్ట్రానిక్‌గా చిమ్మే ఫ్యూయల్ ఇంజెక్షన్) ఉన్నాయి. 2020లో బీఎస్6తో ఆయిల్ కూలర్ వచ్చింది, బరువు 157 కేజీలైంది. 2021 అక్టోబరులో నాలుగు వాల్వుల 4వీ వచ్చింది. రెండు వాల్వుల బీఎస్6 బండి పవర్ 18 పీఎస్ (ఇంచుమించు హార్స్‌పవరే), 4వీది 19. హైవే మీద ఎనభై దాటాక ఆ తేడా తెలుస్తుంది, మట్టిలో మొదటి, రెండో గేర్ల మధ్య తెలియదు. మట్టి దగ్గరలోనే ఉంటే 4వీ అన్న పేరుకి ఎక్కువ డబ్బు పెట్టకండి. అదే డబ్బుతో మంచి బూట్లు, మోకాలి గార్డులు వస్తాయి.

ఏబీఎస్, అంటే బ్రేకు గట్టిగా వేసినా చక్రం లాక్ కాకుండా చూసేది, ముందు చక్రానికే ఉంటుంది. అది లోటు కాదు, మట్టి దిగుడులో వెనక చక్రాన్ని కావాలని లాక్ చేసి బండిని తిప్పుకోవడానికి అదే పనికొస్తుంది. 2023లో వచ్చిన ప్రో రకం సీటు ఎత్తు 891 మిల్లీమీటర్లు. ఐదడుగుల ఏడంగుళాల మనిషికి కూడా ఒక కాలు బొటనవేలే ఆనుతుంది. షోరూమ్ బల్లపరుపు నేల మీద "పర్లేదు, సరిపోతుంది" అనిపిస్తుంది కానీ, రాళ్ల మధ్య ఆగి కాలు పెట్టబోతే అక్కడ నేల ఉండదు. పొట్టివాళ్లు మామూలు 825 ఎత్తుతోనే ఉండటం మేలు.

ఇంకో జాగ్రత్త. ఎక్స్‌పల్స్ 200టీ అని ఒకటుంది. పేరు ఒకటే, రకం వేరు. అల్లాయ్ చక్రాలు, రెండూ 17 అంగుళాలే, నేల ఎత్తు తక్కువ, రోడ్డు టూరింగ్‌కి చేసింది. యాడ్‌లో "ఎక్స్‌పల్స్" అని రాసి ధర తక్కువ పెడితే ముందు చక్రం ఫొటో అడగండి. పుల్లల చక్రం కాకపోతే అది మనకి అక్కర్లేదు. ఇదే మాట ఎన్‌ఫీల్డ్ స్క్రామ్ 411కీ వర్తిస్తుంది, దాని ముందు చక్రం 19 అంగుళాలు. రోడ్డుకి హాయి, గుంతలకి కాదు.

ఎడారుల్లో జరిగే డకార్ ర్యాలీ రేసులో 2024లో హీరో జట్టు రైడర్ రాస్ బ్రాంచ్ రెండో స్థానంలో నిలిచాడు. గర్వపడాల్సిందే. కానీ ఆ బండికీ మీరు కొనబోయేదానికీ ఉన్న చుట్టరికం స్టిక్కర్ వరకే. ర్యాలీ రంగులు అద్దుకున్నంత మాత్రాన అమ్మేవాడికి అదనంగా పదివేలు ఇవ్వనక్కర్లేదు.

హిమాలయన్ 411 ఇంకో రకం జీవి. 2016లో కార్బ్యురేటర్‌తో వచ్చింది, 2017లో ఎఫ్‌ఐ, 2018లో ఏబీఎస్, 2020లో బీఎస్6. బీఎస్6 బండి 199 కేజీలు. ఎక్స్‌పల్స్ కన్నా 42 కేజీలు ఎక్కువ, అంటే పాతిక కేజీల బియ్యం బస్తా పెట్టి, దాని మీద ఇంకో ముప్పాతిక బస్తా పేర్చినట్టు. ఆ బరువుకి బదులు ఇచ్చేదేంటి? తక్కువ స్పీడులో లాగే శక్తి, 15 లీటర్ల ట్యాంకు, 800 మిల్లీమీటర్ల సీటు. పొట్టివాళ్లకి రెండు కాళ్లూ ఆనతాయి. ఘాట్ రోడ్డు ఎక్కి, హోమ్‌స్టేలో బ్యాగు పడేసి, మర్నాడు కాఫీ తోటల బాటలు తిరిగేవాళ్లకి దీనికి మించింది లేదు. కట్టలు, ఒర్రెలు, రాతి గుట్టలు ఎక్కాలనుకునేవాళ్లకి మాత్రం శత్రువు.

హిమాలయన్ కొనేటప్పుడు ఏబీఎస్ సంవత్సరం ముఖ్యం. 2018 తర్వాత, 2020కి ముందు వచ్చిన బండ్లలో ఏబీఎస్ రెండు చక్రాలకీ పని చేస్తుంది, ఆపడానికి స్విచ్ లేదు. వదులు కంకర దిగుడులో వెనక బ్రేకు తొక్కితే బండి ఆగనంటుంది. బీఎస్6లో వెనక ఏబీఎస్ ఆపే స్విచ్ వచ్చింది. రెండింటి మధ్య ధర తేడా మరీ ఎక్కువ కాకపోతే బీఎస్6కే పోండి.

కేటీఎం 390 అడ్వెంచర్ కూడా అడుగుతుంటారు. అద్భుతమైన ఇంజిన్, సందేహం లేదు. కానీ చాలా ఏళ్ల మోడళ్లు అల్లాయ్ చక్రాలవి, పడితే విరిగే భాగాల ధరలు వింటే గుండె జారుతుంది. ఆదివారానికోసారి పడేవాళ్లకి వద్దు.

ధర దగ్గర ఒక కొత్త సంగతి గుర్తుపెట్టుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి 350 సీసీ వరకు బైకుల మీద జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది, ఆ పైవాటి మీద 40 శాతానికి పెరిగింది. అంటే కొత్త ఎక్స్‌పల్స్ 210 చవకైంది, కొత్త హిమాలయన్ 450 ప్రియమైంది. మూడేళ్ల నాటి ఎక్స్‌పల్స్ అమ్మేవాడు పాత ఆన్‌రోడ్ ధర బిల్లు చూపించి "ఇంతకి కొన్నాను" అంటే, ఇవాళ్టి కొత్త బండి ధర ఫోన్‌లో చూపించండి. హిమాలయన్ అమ్మేవాడి దగ్గర ఆ మాట అంతగా పారదు.

మోడల్ తేలాక అసలు పని మొదలవుతుంది. మంచి మోడల్లో చెడిపోయిన బండి కన్నా మామూలు మోడల్లో శుభ్రంగా చూసుకున్న బండి నయం. నేను ఒకసారి కూకట్‌పల్లిలో ఒక అపార్ట్‌మెంట్ సెల్లార్‌కి బండి చూడటానికి వెళ్లాను. ఏ మోడలన్నది ఇక్కడ అనవసరం. ఫొటోల్లో కంటే ఎదురుగా ఇంకా మెరుస్తోంది. "ఆఫీసుకే వాడాను సార్, మట్టి తొక్కలేదు" అన్నాడు. పలకరింపులు అవుతుండగా ఇంజిన్ మీద చెయ్యి పెట్టాను. వెచ్చగా ఉంది. నేను వస్తున్నానని తెలిసి ముందే స్టార్ట్ చేసి పెట్టాడన్నమాట. చల్లటి ఇంజిన్ మొదటి సెల్ఫ్‌కి ఎలా అందుకుంటుంది, ఎంత పొగ వదులుతుంది, టైమింగ్ చైన్ ఎంత గొణుగుతుంది అన్నదే మనం చూడాల్సింది. ఆ అవకాశం అక్కడే పోయింది.

జేబులో స్క్రూడ్రైవర్ ఉంది. "ఎయిర్ ఫిల్టర్ ఒక్కటి చూస్తాను" అన్నాను. ఆయన మొహం కొంచెం మారింది కానీ కాదనలేదు. మూత తీస్తే ఫిల్టర్ బయటి వైపు ఎర్రగా ఉంది, అది సహజమే, మన నేలే ఎర్రది. ఫిల్టర్ బయటికి లాగి, దాని అవతల, ఇంజిన్‌లోకి గాలి పోయే గొట్టం లోపలి గోడ మీద వేలు రాశాను. వేలికి కుంకుమలా మెత్తటి దుమ్ము అంటింది. అది అక్కడ ఉండకూడదు. ఫిల్టర్ సరిగ్గా కూర్చోకుండానే ఎన్నో ఆదివారాలు మట్టిలో తిరిగిందని అర్థం. ఆ దుమ్ము సిలిండర్‌లోకి పోతే లోపల ఉప్పుకాగితం రుద్దినట్టే. ఇంకేమీ చూడకుండా టీ తాగి వచ్చేశాను.

నెల తర్వాత సంగారెడ్డి వైపు ఒక ఎక్స్‌పల్స్ చూశాను. హ్యాండ్ గార్డు ఒకటి విరిగింది, ట్యాంకు మీద గీతలు, ఇంజిన్‌కి కింద కాపుగా ఉండే బాష్ ప్లేటుకి రాళ్లు తగిలి సొట్టలు. కానీ కుర్రాడు ఒక నోటుబుక్కు తెచ్చి చూపించాడు. ఏ కిలోమీటరు దగ్గర ఆయిల్ మార్చాడు, ఏ రైడ్ తర్వాత ఫిల్టర్ కడిగాడు అన్నీ రాసి ఉన్నాయి. బాష్ ప్లేటుకి సొట్టలుంటే అది తన పని తాను చేసిందనే లెక్క. దాని వెనక ఇంజిన్ కేసు మీద గీత కూడా లేదు. బేరం పెద్దగా ఆడలేదు, ఆ బండే తెచ్చుకున్నాను.

కాబట్టి మెరుపు చూడకండి, కింద పడుకుని చూడండి. ముందు ఫోర్కు మెరిసే రాడ్ల మీద గోరు పెట్టి పైనుంచి కిందికి గీకండి. ఎక్కడైనా గోరు తట్టుకుంటే రాయి తగిలిన గుర్తు. ఆయిల్ సీల్ కొత్తది వేసినా మళ్లీ కారుతుంది. ముందు చక్రం గాల్లోకి లేపి హ్యాండిల్ మెల్లగా తిప్పితే మధ్యలో టక్కుమని ఆగినట్టనిపిస్తే కోన్‌సెట్ (హ్యాండిల్ తిరిగే బేరింగు) పోయింది. వెనక చక్రాన్ని పక్కలకి గుంజితే ఆట ఉంటే స్వింగ్ ఆర్మ్ (వెనక చక్రాన్ని పట్టి ఉంచే చెయ్యి) బుష్షులు చూడాలి. పుల్లలన్నిటినీ స్పానర్‌తో ఒక్కొక్కటిగా తట్టండి, అన్నీ ఇంచుమించు ఒకే స్వరంలో మోగాలి. డప్పుమన్నది వదులైన పుల్ల. చక్రం తిప్పి రిమ్ బెండు చూడటం ఎలాగూ తెలుసు. ఫుట్‌రెస్టు బ్రాకెట్ల దగ్గర, హ్యాండిల్ స్టెమ్ దగ్గర చాసిస్ మీద కొత్త పెయింట్ కనిపిస్తే దాని కింద వెల్డింగ్ ఉందేమో అడగండి. సమాధానం కన్నా అడిగినప్పుడు ఆయన చూపు ఎటు పోయిందో చూడండి.

నడిపేటప్పుడు మూడో గేరులో ముప్పై మీద పోతూ ఒక్కసారిగా ఆక్సిలరేటర్ తిప్పండి. మోత పెరిగి వేగం పెరగకపోతే క్లచ్ జారుతోంది. వెనక నుంచి ఎవరినైనా చూడమనండి, తిన్నగా పోతున్నప్పుడు రెండు చక్రాలూ ఒకే గీతలో ఉన్నాయా అని. ఆఖరున, అమ్మేవాడి అనుమతితో, గడ్డి మీదో పాత దుప్పటి మీదో బండిని మెల్లగా పడుకోబెట్టి మీరే లేపండి. వీపు బండికి ఆనించి, ఒక చెయ్యి హ్యాండిల్, ఒక చెయ్యి వెనక సీటు దగ్గరి కమ్మీ (గ్రాబ్ రైల్) పట్టుకుని, మోకాళ్లతో వెనక్కి నడుస్తూ లేపాలి. కుడి వైపు పడితే ముందే సైడ్ స్టాండ్ తీసి గేరులో వేయండి. చాలామంది ఇది నవ్వులాటగా తీసుకుంటారు. లేపలేకపోతే ఆ బండి మీది కాదు, అంతే.

మార్చిన బండ్ల విషయంలో నేను కాస్త పిడివాదినే. ర్యాలీ కిట్టు (పొడుగు సస్పెన్షన్ లాంటి మట్టి రేసు భాగాలు) వేసిన బండి అంటే దాన్ని గట్టిగా వాడారని అర్థం. అది తప్పు కాదు, కానీ పాత షాకర్లు, పాత స్ప్రాకెట్టు వెంట ఇస్తున్నారా అడగండి. సైలెన్సర్ మార్చి ఉంటే ఒరిజినల్ చేతికొచ్చాకే డబ్బివ్వండి. మోత సైలెన్సర్లని విశాఖ పోలీసులు రోడ్డు రోలర్‌తో తొక్కించిన సంగతి తెలిసిందే. ఆ మోతకి ఊళ్లో కుక్కలు వెంటపడతాయి, రైతులు విసుక్కుంటారు, మర్నాడు ఆ దారికి అడ్డంగా ముళ్లకంప పడుతుంది.

కాగితాలు ప్రభుత్వ యాప్ ఎంపరివాహన్‌లో నంబరు కొట్టి చూస్తే సగం తెలుస్తాయి. ఇన్సూరెన్స్ ఎప్పటిదాకా, ఫైనాన్స్ ఉందా, చలాన్లు ఎన్ని. ఫైనాన్స్ కనిపిస్తే లోను తీరిందన్న నోటిమాట చాలదు, బ్యాంకు ఎన్‌ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం), ఆర్‌సీలో లోను పేరు తీసేయించే ఫారం 35 కావాలి. ఒకే రాష్ట్రంలో అయితే పేరు మార్పిడికి ఫారం 29, 30 మీద సంతకాలు. కేఏ నంబరు బండి బెంగళూరులో ఇరవై వేలు తక్కువకి దొరికిందని సంబరపడేవాళ్లని చూస్తుంటాను. అక్కడి నుంచి ఎన్‌ఓసీ తెచ్చి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టి, రెండు ఆఫీసుల చుట్టూ తిరిగేసరికి ఆ ఇరవై వేలు ఎటు పోతాయో తెలియదు. హైదరాబాద్‌లో ఉండి ఏపీ 39 బండి కొన్నా ఇదే తంతు. సంతకాలు చేసిన ఖాళీ ఫారాలు చేతిలో పెట్టి "తర్వాత మార్చుకోండి" అంటే ఒప్పుకోవద్దు. బండి మీ పేరు మీదికి వచ్చేదాకా కొంత సొమ్ము ఆపుకోండి.

బండి ఇంటికొచ్చిన వారం కొంచెం ఖర్చుంటుంది, దాన్ని ముందే ధరలో కలుపుకోండి. ఇంజిన్ ఆయిల్, ఎయిర్ ఫిల్టర్, బ్రేక్ ఫ్లూయిడ్, క్లచ్ కేబుల్ ఎవరేం చెప్పినా మార్చేయండి. చైన్ స్ప్రాకెట్ పళ్లు కొక్కేల్లా వంగి ఉంటే మొత్తం సెట్టు. టైర్లు రోడ్డువైతే మట్టి టైర్లు, కానీ తొందరేమీ లేదు, రెండు మూడు రైడ్ల తర్వాత ఏ రకం కావాలో మీకే తెలుస్తుంది. మన చల్కా నేలల్లో ఒకటి బాగుంటుంది, వానాకాలం నల్లరేగడిలో ఏదీ బాగుండదు. రేగడి మడ్‌గార్డు కింద కూరుకుపోయి చక్రమే ఆగిపోతుంది. ఆ రోజుల్లో ఇంట్లో ఉండి చైన్‌కి ఆయిల్ పెట్టుకోవడం ఉత్తమం. అమ్రాబాద్, నాగార్జునసాగర్-శ్రీశైలం పులుల అభయారణ్యాల్లో, ఏ రిజర్వ్ ఫారెస్ట్‌లోనైనా అనుమతి లేకుండా బండి దించడం నేరం. చెరువు కట్టలు, బీళ్లు, కోత అయిపోయిన చేల గట్లు చాలు మనకి, అవీ రైతుని అడిగాకే.

ఇంకొకటి, మొదటి రైడ్‌కి ముందే కొనాల్సింది. ఈ మూడు బండ్లకీ చక్రాల్లో ట్యూబులు. మన దారులకి అటూ ఇటూ సర్కారు తుమ్మ. దాని ముల్లు కొత్త టైరులోంచి కూడా దూసుకుపోతుంది. వెనక 17, 18 అంగుళాల ట్యూబు పల్లెటూరి పంక్చర్ షాపులో అడిగితే దొరకొచ్చు. ఎక్స్‌పల్స్, హిమాలయన్ ముందు చక్రానికి పట్టే 21 అంగుళాల ట్యూబు అడిగితే ఆయన మీ మొహం చూస్తాడు. ఒక ట్యూబు, రెండు టైరు లివర్లు, చిన్న చేతి పంపు బ్యాగులో పెట్టుకోండి. ఇంట్లో ఒకసారి చక్రం విప్పి ట్యూబు మార్చి చూసుకోండి, ఎండలో ముళ్లకంపల మధ్య మొదటిసారి నేర్చుకోకుండా.